కప్పు మోసే మృగాలు: ఖాట్మండు లోయలో ఒక వారం

ఆదివారం, ఖాట్మండు

ఖాట్మండు లోయలో ఏ గుడికి వెళ్లినా ముందు తల పైకెత్తాలి. గర్భగుడిలో దేవుడు చీకట్లో ఉంటాడు, చాలాచోట్ల తలుపు మూసే ఉంటుంది. వడ్రంగుల పనితనమంతా చూరు కింద ఉంటుంది. ఎర్ర ఇటుక గోడ, దాని మీద అంచెలంచెలుగా పెంకుల కప్పులు, గోడకు వాన తగలకుండా బాగా ముందుకు చాచిన చూరు, ఆ చూరు వాలిపోకుండా గోడలోంచి ఏటవాలుగా లేచిన కొయ్య ఊతలు. ఈ ఊతను లోయ మూలవాసులైన నేవారుల భాషలో తునాల అంటారు. గోడ మధ్యలోని తునాలల మీద దేవతలను చెక్కుతారు. మూలల్లో మాత్రం దేవుడు ఉండడు. సింహం ఒళ్లు, రెక్కలు, ఒక్కోచోట పొట్టేలు కొమ్ములు ఉన్న మృగం అక్కడ వెనక కాళ్ల మీద లేచి నిలబడుతుంది. దాని పేరు కుంసల. నేను వచ్చింది దాని కోసం.

నాతో వచ్చిన బాబాయి పశుపతినాథుడి కోసం వచ్చారు. రోడ్లు భవనాల శాఖలో ఇంజినీరుగా పనిచేసి రిటైరైన మనిషి. గుడిలోకి వెళ్లినా ముందు గోడల పగుళ్లు చూస్తారు, తర్వాతే దేవుడు.

హైదరాబాదు నుంచి ఢిల్లీ మీదుగా వచ్చాం. మనకు వీసా అక్కర్లేదు. మన వంద రూపాయలకు నూట అరవై నేపాలీ రూపాయలు లెక్క, ఆ లెక్క మారదు కాబట్టి బేరాలకు సులువు. పొద్దున్నే పశుపతినాథ్ వరుసలో నిలబడితే ముందూ వెనకా తెలుగే వినిపించింది. ముక్తినాథ్‌కు వెళ్లే బృందాలు, మానస సరోవరం వెళ్లే బృందాలు. లోపల పూజ చేసే భట్టులు కర్ణాటక నుంచి వచ్చినవారు కావడంతో మంత్రం పలికే తీరు కూడా మన చెవికి కొత్తగా ఉండదు. బాబాయి దర్శనం తృప్తిగా చేసుకున్నారు. నేను వెండి తలుపుల పైనున్న చూరును చూస్తూ రెండుసార్లు జనానికి అడ్డం నిలబడి మాటపడ్డాను.

మధ్యాహ్నం హనుమాన్ ధోకా. పాత రాజప్రాసాదం ఇదే. 1768లో గోర్ఖా రాజు పృథ్వీనారాయణ్ షా ఈ ఊరిని గెలుచుకున్నాక కట్టించిన తొమ్మిదంతస్తుల బసంతపూర్ బురుజు పై అంతస్తులు 2015 భూకంపంలో కూలాయి. తిరిగి కట్టారు. పక్కనే కాష్ఠమండపం. ఈ ఊరికి ఖాట్మండు అన్న పేరు దీని నుంచే వచ్చింది. ఒకే చెట్టు కొయ్యతో కట్టారని ఐతిహ్యం. 2015 ఏప్రిల్ 25న, శనివారం, లోపల రక్తదాన శిబిరం నడుస్తుండగా మొత్తం నేలమట్టమైంది, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత తవ్వి చూస్తే పునాది చెక్కుచెదరలేదని, అది ఏడో శతాబ్దం నాటిదని తేలింది. అంటే పుస్తకాల్లో రాసుకున్న దానికన్నా ఎన్నో వందల ఏళ్లు పాతది. 2022కల్లా మండపం మళ్లీ లేచింది. బాబాయి కొత్త స్తంభాలను చేత్తో తట్టి చూసి, "కొయ్య బాగుంది, పని కూడా బాగుంది" అన్నారు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఏ కాంట్రాక్టరూ ఆయన నోట ఈ మాట విని ఉండడు.

సోమవారం, పాటన్

బాగ్మతి నది దాటితే పాటన్. లలిత్‌పూర్ అని కూడా అంటారు. ఖాట్మండు కన్నా ఊరు నెమ్మది. దర్బార్ చౌకులో ఒకవైపు ప్రాసాదం, ఎదురుగా వరసగా గుళ్లు. వాటిలో రెండు, 1566 నాటి చార్ నారాయణ్ గుడి, 1706 నాటి హరిశంకర గుడి, 2015లో పూర్తిగా కూలిపోయాయి. మిగిలింది ఇటుకల గుట్ట, మట్టి, దాంట్లో ఇరుక్కున్న చెక్కడాలు.

ఊరి జనం, పోలీసులు, సైనికులు కలిసి ఆ రోజుల్లోనే చెక్కిన కొయ్యలన్నిటినీ ఏరి ప్రాసాదం లోపలికి చేర్చారు. దొంగలు వచ్చేలోగా, వాన పడేలోగా. ఆ పని జరగకపోతే ఈ రోజు ఇక్కడ చూడడానికి నకళ్లు మాత్రమే ఉండేవి. ఖాట్మండు వ్యాలీ ప్రిజర్వేషన్ ట్రస్ట్ ఆధ్వర్యంలో వడ్రంగులు ముక్కకు ముక్క జతచేసి, విరిగినచోట కొత్త కొయ్య అతికి, గుళ్లను మళ్లీ నిలబెట్టారు.

చార్ నారాయణ్ గుడి ద్వారబంధం దగ్గర చాలాసేపు కూర్చున్నాను. గడపకు పైన, పక్కల, గోడలోకి చొచ్చుకుపోయిన కొయ్య పలకల మీద అంగుళం ఖాళీ లేదు. ఒక చిన్న సింహం ఉంది, అరచేయంత. ఒళ్లంతా నూనె, పొగ, చేతుల తాకిడి పట్టి నల్లబడింది. ముందు పంజా ఒక్కటే లేత గోధుమ రంగులో ఉంది. గోళ్లు పదునుగా, జూలు మాత్రం అరిగి మెత్తగా. అతుకు గీత పంజాకు పైన, మోచేతి మడతలో దాక్కుంది. కొత్త ముక్క నారు పాత కొయ్య నారు వెళ్లే దిక్కులోనే వెళ్తోంది. ఆ పంజా చెక్కినవాడు సింహాన్ని చూసి చెక్కలేదు, ఆ సింహాన్ని చెక్కినవాడి ఉలిని చూసి చెక్కాడు.

దీని మీద పెద్ద వాదమే ఉంది. పాతదానిలో పోయిన భాగాన్ని పోయినట్టే వదిలేయాలి, కొత్తగా చెక్కితే చరిత్రను కల్పించినట్టవుతుంది అని పరిరక్షణ నిపుణుల్లో ఒక వర్గం అంటుంది. చెయ్యి విరిగిన విగ్రహానికి పూజ ఎలా చేస్తాం అని ఊరివాళ్లు అడుగుతారు. నేను ఊరివాళ్ల పక్షం. మ్యూజియంలో ఉన్న సింహానికి పంజా లేకపోయినా ఫరవాలేదు. గుమ్మం దగ్గర కాపలా ఉన్న సింహానికి పంజా కావాలి. బాబాయి తీర్పు ఇంకా చిన్నది: "అతుకు కనిపిస్తోంది. దాచలేదు. అంతే చాలు."

ప్రాసాదం లోపల కేశవ నారాయణ చౌకులో పాటన్ మ్యూజియం. ఆస్ట్రియా సాయంతో బాగుచేసి 1997లో తెరిచారు. నేపాలీ తోరణాన్ని అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. తోరణం అంటే ఇక్కడ మామిడాకులు కాదు, రాతి ద్వారం కాదు, తలుపు మీద ముందుకు వంగి ఉండే అర్ధచంద్రాకారపు పలక. కొయ్యది, లేదా బంగారు పూత పూసిన రాగిది. నడుమ లోపలి దేవత చిన్న రూపం. రెండు కొసల్లో మకరాలు నోళ్లు తెరుచుకుని ఉంటాయి. నడినెత్తిన ఒక్కోచోట పాములను గోళ్లతో అణచిన గరుత్మంతుడు, ఒక్కోచోట ఛేపు.

ఛేపుకు ఒళ్లు లేదు. గుడ్లు తేలిన తల, రెండు చేతులు, ఆ చేతుల్లో పట్టిన పాములు నోట్లోకి. ఇక్కడి కథలో ఛేపు గరుత్మంతుడికి తోబుట్టువు. తల్లి ఆత్రం పట్టలేక గుడ్డును వేళ కాకుండా పగలగొట్టింది, అప్పటికి తల ఒక్కటే తయారైంది. ఈ మాట వినగానే మనకు ఆదిపర్వం గుర్తొస్తుంది. వినత తొందరపడి పగలగొట్టిన గుడ్డులోంచి తొడలు లేకుండా పుట్టిన అనూరుడు సూర్యుడి సారథి అయ్యాడు. అదే ఇంట్లో, అదే తల్లి చేతిలో ఇంకో గుడ్డు పగిలి ఇంకో బిడ్డ ద్వారపాలకుడయ్యాడని నేవారులు చెప్పుకున్నారు.

మన వైపు గుళ్లలో ఇదే ముఖాన్ని కీర్తిముఖం అంటారు, దాని కథ వేరు. జలంధరుడు పంపిన రాహువు శివుడి దగ్గరికి వచ్చి పార్వతిని ఇమ్మని అడుగుతాడు. శివుడి కోపంలోంచి ఆకలిగొన్న భూతం పుడుతుంది. రాహువు శరణు వేడతాడు. మరి నా ఆకలి మాటేమిటి అంటుంది భూతం. నిన్ను నువ్వే తిను అంటాడు శివుడు. కాళ్లతో మొదలుపెట్టి ముఖం మిగిలేదాకా తింటుంది. శివుడు మెచ్చి, నా గుమ్మం మీద ఉండు, నీకు మొక్కకుండా నాకు మొక్కినవాడికి ఫలం దక్కదు అంటాడు. మన ఊళ్లలో కట్టుబడిలో ఉన్న ఇంటికి వేలాడదీసే దిష్టిబొమ్మ ముఖం ఉందే, మీసాలు, నాలుక, మిడిగుడ్లు, అది దీనికి దగ్గరి చుట్టమే. అక్కడ గుమ్మడికాయ మీద రంగు, ఇక్కడ కొయ్యలో ఉలి.

మకరాలు కొసల్లో ఎందుకున్నాయో ప్రాసాదంలోనే ఉన్న మూల్ చౌకులో చూస్తే తెలుస్తుంది. మల్ల రాజుల కులదేవత తలేజు గుడి గుమ్మానికి రెండు పక్కలా గంగా యమునలు నిలబడి ఉంటారు. గంగ మకరం మీద, యమున తాబేలు మీద. లోపలికి వెళ్లేవాడు నదుల మధ్య నుంచి, నీటి మృగాల కింద నుంచి వెళ్తాడు. మడి కట్టుకోవడం భక్తుడి వంతు, కడగడం గుమ్మం వంతు.

ఈ ఊరి తోరణాల్లో ఒకదానికి ఈ మధ్య పెద్ద ప్రయాణమే జరిగింది. యంపి మహావిహారం అనే బౌద్ధ విహారం నుంచి ఎప్పుడో మాయమైన కొయ్య తోరణం పై భాగం న్యూయార్క్‌లోని రూబిన్ మ్యూజియంలో తేలింది. అది దొంగసొత్తేనని తేలాక 2022లో మ్యూజియం తిరిగి ఇచ్చేసింది. ఇక్కడ శివుడి గుడి చెక్కినవాళ్లే బుద్ధుడి విహారమూ చెక్కారు, మృగాలు రెండుచోట్లా అవే. కొన్ని గుళ్లలో ఇప్పుడు చెక్కడాల ముందు ఇనప జాలీలు బిగించారు. కాపలా మృగాలకు కాపలా.

మంగళవారం, భక్తపూర్

బాగ్‌బజార్‌లో బస్సెక్కితే తూర్పున భక్తపూర్. లోయలో ఒక్క ఊరే చూసే తీరిక ఉన్నవాళ్లు ఇక్కడికే రావాలి. ఎండలో ఆరబెట్టిన ధాన్యం, కుమ్మరి చౌకులో వరసగా కుండలు, మట్టి మూకుళ్లలో జుజు ధౌ అనే తియ్యటి గేదె పెరుగు. బాబాయి రెండు మూకుళ్లు తిన్నారు. పిన్నికి చెప్పొద్దన్నారు.

న్యాతపోల గుడిని రాజు భూపతీంద్ర మల్ల 1702లో కట్టించాడు. అయిదంచెల అరుగు మీద అయిదు కప్పులు. మెట్లకు రెండు పక్కలా అంచెకొక జత కాపలా: అందరికన్నా కింద ఇద్దరు మల్లులు, పైన ఏనుగులు, సింహాలు, శార్దూలాలు, చివర సింహిణీ వ్యాఘ్రిణీ దేవతలు. మామూలు మనిషికి పదింతల బలం మల్లులది, వాళ్లకు పదింతలు ఏనుగులది, అలా పైదాకా లెక్క. ఇవి రాతివి, ఫొటోలన్నీ వీటికే. 1934 భూకంపం, 2015 భూకంపం రెండూ వచ్చి పోయాయి. పై అంతస్తు కొద్దిగా దెబ్బతిన్నది తప్ప గుడి కదల్లేదు.

ఎందుకు కదల్లేదన్నది బాబాయి ప్రశ్న. జవాబు కోసం ఆయన గుడి చుట్టూ తిరుగుతుంటే నేను వెనకాలే తిరిగాను. ఈ గుడికి మొత్తం 108 తునాలలు. గోడ మధ్యలో ఉన్నవాటి మీద ఈ గుడి దేవత సిద్ధిలక్ష్మి రూపాలు. మూలకు వచ్చేసరికి మృగం. బాబాయి ఆగి జేబులోంచి పెన్ను తీశారు.

"ఒరేయ్, చూరు గోడ నుంచి నాలుగడుగులు బయటికొచ్చింది అనుకో. మూలలో ఎంతొస్తుంది?"

"నాలుగేగా?"

"కాదు. మూల నుంచి మూలకు కొలవాలి. అయిదడుగుల ఎనిమిదంగుళాలు. పైగా రెండు వైపుల కప్పు బరువూ కలిసేది అక్కడే. ఈ గుడి మొత్తంలో ఎక్కువ కష్టం ఆ నాలుగు కొయ్యలదే."

నాకు అప్పటిదాకా కుంసల ఒక అలంకారం. రెక్కలు బాగున్నాయి, కొమ్ములు బాగున్నాయి అనుకుంటూ చూస్తున్నాను. ఆయన లెక్క విన్నాక మళ్లీ చూస్తే ఆ మృగం పని చేస్తోంది. వెనక కాళ్లు గోడలోకి తన్ని పెట్టి, నడుం చాచి, ముందు కాళ్లు ఎత్తి, తల చూరుకు ఆనించింది. నిలబడ్డ దేవతను అంత పొడవు సాగదీస్తే కొలతలు చెడిపోతాయి. వెనక కాళ్ల మీద లేచిన నాలుగు కాళ్ల జంతువు ఎంత పొడవైనా ఒప్పుతుంది. ఇంకోటి కూడా ఉంది. దేవతను ఎదురుగా నిలబడి చూడాలి. మూలలో ఉన్నది రెండు వీధుల నుంచీ పక్కవాటుగా కనిపిస్తుంది, అందుకే మృగాన్ని రెండు పక్కలా సమానంగా చెక్కారు. ఇదంతా నా ఊహే, ఏ శాస్త్రంలోనూ చదవలేదు. అయినా లోయలో ఎక్కడికి వెళ్లినా ఇది నిజమే అనిపించింది: గుమ్మం పైన, కిటికీ చెవుల దగ్గర, గోడ దాటి బయటికి వచ్చిన దూలం కొసన, చూరు మూలన, కట్టడం ఎక్కడ బలహీనమో అక్కడ మృగం ఉంది. దేవుళ్లకు సుఖమైన చోట్లు ఇచ్చారు.

మరి కదలకపోవడానికి కారణం? ఊరందరిదీ తలొక మాట. బాబాయిది ఇది: పునాది వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నబడ్డ కట్టడం, ఇటుక గోడల్లో కలిసిపోయిన కొయ్య చట్రం. కొయ్యకు కొయ్య బెజ్జంలో దిగి, చీలతో బిగిసి ఉంటుంది. ఊగితే ఆ కీళ్లు కొద్దిగా కదులుతాయి, విరగవు.

తునాలల అడుగు భాగంలో శృంగార శిల్పాలు ఉంటాయని ముందే చదివాను, బాబాయికి చెప్పలేదు. ఆయన అవి చూసి, గబుక్కున పక్క గుడి చరిత్ర అడగడం మొదలుపెట్టారు. పిడుగుల దేవత కన్య కాబట్టి ఇవి చూసి సిగ్గుపడి గుడి మీద పడదని గైడ్లు చెబుతారు. ఈ కథ గైడ్ల కోసం పుట్టిందని నాకు గట్టి అనుమానం.

సాయంత్రం దత్తాత్రేయ చౌకు వైపు. పదిహేనో శతాబ్దంలో రాజు యక్ష మల్ల కట్టించిన దత్తాత్రేయ గుడి వెనక సందులో పూజారి మఠం, దాని గోడకు నెమలి కిటికీ. నేపాల్ కొయ్యపనికి ఇది ముఖచిత్రం లాంటిది, ప్రతి దుకాణంలో దీని నకలే అమ్ముతారు. అందంగానే ఉంది. రద్దీ ఎక్కువ.

ఆ సందుకు కొంచెం దూరంలో ఒక పని కొట్టం కనిపించింది. కింద చాప, చాప మీద నా ఎత్తును మించిన దూలం, దాని మీద ఒక కాలు వేసి కూర్చున్న శిల్పకార్. ఇక్కడ కొయ్య చెక్కేవాళ్ల కులానికి, ఇంటిపేరుకు కూడా అదే మాట. అరవై దాటిన మనిషి. "దాయీ, చూడొచ్చా?" అని హిందీలో అడిగాను. ఇక్కడ అన్నయ్యను అలా పిలుస్తారు. కూర్చోమని పీట చూపించాడు.

ఏదో గుడి మరమ్మతుకు చెక్కుతున్న కుంసల అది. కొయ్య సాల్. ఉత్తరాంధ్ర మన్యంలో గుగ్గిలం చెట్టు అంటామే, అదే. నేపాల్ దక్షిణపు మైదానాల్లోని తరాయి అడవుల నుంచి వస్తుంది. ఇనుము లాంటి బరువు, చెద సులువుగా పట్టదు, పచ్చిగా ఉన్నప్పుడు చెక్కడమే కొంత తేలిక, ఆరితే ఉలి జారుతుందట. మృగం అప్పటికి సగం బయటికి వచ్చింది. కింది భాగంలో వెనక కాళ్లకు బాడిసతో కొట్టిన పెద్ద పెద్ద పలకలు, ఇంకా గోళ్లు లేవు. రొమ్ము దగ్గరకొచ్చేసరికి జూలు ఉంగరాలు తిరిగింది, ఒక్కో ఉంగరం మధ్యలో ఉలి మొన దిగిన చుక్క. తల పూర్తయింది. తెరిచిన నోరు, నాలుక కొస పైకి మడిచి, చెవి వెనక నుంచి మెలితిరిగిన కొమ్ము. రెక్క మాత్రం విడిగా గోడకు ఆనించి ఉంది. దాన్ని తర్వాత చీలతో భుజానికి తగిలిస్తారు. అనేక చేతుల దేవతలకూ ఇలాగే, అదనపు చేతులు విడిగా చెక్కి దూరుస్తారు.

వెనకవైపు చూద్దామని చుట్టూ తిరిగాను. అక్కడ ఏమీ లేదు. చదునైన దూలం, రంపం గీతలతో సహా.

"వెనక చెక్కరా?" అని అడిగాను.

"అది మోయడానికి. ముందుది చూడడానికి" అన్నాడు, ఉలి ఆపకుండా.

బాబాయి ఆ మాట తెలుగులో చెప్పించుకుని ఆయనకు నమస్కారం పెట్టారు. తర్వాత ఇద్దరూ నాకు అర్థంకాని సైగలతో కీళ్ల గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. కొడుకులు ఈ పని చేస్తారా అంటే ఒకడు చేస్తాడు, ఒకడు ఖతార్‌లో ఉన్నాడు అన్నాడు. భూకంపం తర్వాత పని పెరిగిందట. అంతకు ముందు ఎక్కువగా హోటళ్లకు కిటికీలు చేసేవాడు.

బుధవారం, చాంగు నారాయణ్

భక్తపూర్‌కు ఉత్తరాన కొండ మీద ఉంది. టాక్సీలో వెళ్లి మెట్లెక్కాలి. లోయలో అన్నిటికన్నా పాత వైష్ణవ క్షేత్రాల్లో ఇదొకటి. లిచ్ఛవి రాజు మానదేవుడు క్రీ.శ. 464లో వేయించిన శాసనం ఇక్కడే ఉంది. భర్త పోయాక సహగమనం చేస్తానన్న తల్లి రాజ్యవతిని తాను ఆపిన సంగతి కూడా రాజు అందులో రాయించాడు. శాసనమంటే దానాలూ విజయాలే అనుకునేవాళ్లు ఇది చదవాలి. గుడికి ఎదురుగా మోకాలిపై కూర్చున్న రాతి గరుత్మంతుడు, మనిషి ముఖంతో, మెడలో పాముతో.

ఇప్పటి గుడి 1702లో మంటలు అంటుకున్న తర్వాత తిరిగి కట్టింది. నాలుగు వైపులా గుమ్మాలు, గుమ్మానికొక జత రాతి కాపలా: సింహాలు, శరభాలు, శార్దూలాలు, ఏనుగులు. శరభం దగ్గర ఆగిపోయాను. నరసింహుడి ఉగ్రం చల్లార్చడానికి శివుడు ఎత్తిన రూపం అది. మన పల్లెల్లో వీరభద్రుడి సంబరంలో ఖడ్గం పట్టి "అశ్శరభ శరభ" అని గొంతెత్తేది ఆ రూపాన్ని తలచుకునే. శైవ పురాణంలో విష్ణువును అణచిన జంతువు ఇక్కడ విష్ణువు గుమ్మానికే కాపలా కాస్తోంది. ఈ విచిత్రం ఇక్కడివాళ్లెవరికీ పట్టినట్టు లేదు. కాపలాకు పెట్టుకునేటప్పుడు బలం చూస్తారు కానీ పాత తగాదాలు చూడరేమో.

ఇక్కడి తునాలలకు రంగులు వేసి ఉన్నాయి. ఎరుపు, నీలం, ఆకుపచ్చ. కొయ్యను కొయ్యరంగులోనే ఇష్టపడే నాకు మొదట కళ్లకు గుచ్చుకున్నాయి. నిజానికి ఎన్నో గుళ్లలో తునాలలకు ఒకప్పుడు రంగులుండేవి. నలుపు పట్టిన కొయ్యను చూసి మనం పురాతనమని మురిసిపోతాం కానీ చెక్కినవాడు చూసుకున్నది ఈ రంగులనే. నాలుగు మూలల్లో మృగాలు ఎర్రటి నాలుకలతో, తెల్లటి కోరలతో కప్పును మోస్తున్నాయి. దూరం నుంచి, మెట్ల మీద నుంచి కూడా కళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. రంగు పనికొచ్చేది అందుకే.

కొండ మీద టీ కొట్టు దగ్గర కూర్చుని బాబాయితో లేపాక్షి గురించి మాట్లాడాను. అక్కడా తాడిపత్రిలోనూ విజయనగర కాలపు మండపాల్లో స్తంభాన్ని అంటిపెట్టుకుని యాళి అనే సింహం లాంటి మృగం వెనక కాళ్ల మీద లేస్తుంది, దాని నెత్తి మీదుగానే పైరాతి బరువు కిందికి దిగుతుంది. భంగిమ అదే, చేసే చాకిరీ అదే. రాతిలో ఉన్నది మన దగ్గర మిగిలింది. కొయ్యలో మృగాలు మనకు రథాల మీద, ఉత్సవ వాహనాల మీద కనిపిస్తాయి. వాటిని ఏడాదికోసారి బయటికి తీసి మళ్లీ షెడ్డులో పెడతాం. ఇక్కడ అవి రోజూ వానలో ఎండలో పనిలో ఉన్నాయి.

గురువారం, పనౌతి

పొద్దుటి నుంచి వాన. లోయ దాటి ఆగ్నేయంగా, రోసీ, పుణ్యమతి నదులు కలిసేచోట పనౌతి ఉంది. ఇంద్రేశ్వర మహాదేవుడి గుడి 1294 నాటిది. ఇప్పటికీ నిలిచి ఉన్న ఈ తరహా గుళ్లలో చాలా పాతదిగా దీన్ని లెక్కిస్తారు. 1988లో వచ్చిన భూకంపం తర్వాత ఫ్రాన్స్ సాయంతో బాగుచేశారు.

భక్తపూర్ చూసి వచ్చినవాళ్లకు ఇక్కడి పని పొదుపుగా అనిపిస్తుంది. తునాలల మీద చేతులు రెండే ఉన్న సన్నటి బొమ్మలు, నడుం కొద్దిగా వంచి, తల వంచి కిందికి చూస్తున్నాయి. పది చేతులు, ఇరవై చేతుల హోరు తర్వాతి కాలానిది. కొయ్యకు రేడియో కార్బన్ పరీక్షలు చేశాక లోయలో కొన్ని తునాలలు అనుకున్నదానికన్నా శతాబ్దాలు పాతవని తేలింది. గుడి కూలినా కొయ్యను పారేయకుండా కొత్త గుడికి వాడుకోవడం ఇక్కడి అలవాటు. పాటన్‌లో 2015 తర్వాత చేసిందీ అదే.

వానలో ఒక మంచి సంగతి కనిపించింది. చూరు నుంచి ధారలు కడుతున్నాయి, మృగం ముక్కుకు జానెడు దూరంలో. మృగం మీద చుక్క పడలేదు. గోడ పొడిగా ఉంది. చూరును అంత దూరం చాచింది ఎందుకో, ఆ చూరును మోయడానికి అంతటి మృగం ఎందుకో పావుగంట వాన చెప్పినట్టు ఎవరూ చెప్పలేరు. పక్కనే కొట్టులో మినప్పిండితో పోసిన వేడి వేడి 'వో' తిని, తడిసిన చెప్పులతో బస్సెక్కాం.

శుక్రవారం, బుంగమతి

పాటన్‌కు దక్షిణాన ఊరు. వానల దేవుడిగా కొలిచే ఎర్ర మత్స్యేంద్రనాథుడి సొంత ఊరు ఇది, పన్నెండేళ్లకోసారి రథం పాటన్‌లో కాకుండా ఇక్కడి నుంచే బయల్దేరుతుంది. దేవుడి గుడి 2015లో కూలిపోయింది. ఊళ్లో వీధి వీధికీ ఉలి చప్పుడే, గుమ్మం గుమ్మం ముందూ కొయ్య పొట్టే. ఎక్కువగా బుద్ధుడి ముఖాలు, గణపతులు, నెమలి కిటికీలు. కుంసల ఎవరూ తయారుచేసి ఉంచరు. అది గుడి కొలతను బట్టి చేసేది, కొనుక్కుని గోడకు తగిలించేది కాదు.

బాబాయి మాత్రం ఒక ఛేపును ఎంచుకున్నారు. రెండు చేతుల్లో రెండు పాములు, కోరల మధ్య ముడి. బేరం అరగంట సాగింది. దుకాణదారు పాము పొలుసులు లెక్కపెట్టి చూపించాడు, బాబాయి కొయ్యలో వెంట్రుకంత పగులు వెతికి చూపించారు. చివరికి ఇద్దరూ నవ్వుకున్నారు. నూరేళ్లు దాటిన వస్తువులను దేశం దాటించకూడదు కాబట్టి, పాతదిలా కనిపించే ఏ కొయ్య బొమ్మకైనా పురావస్తు శాఖ ముద్ర వేయించుకోవడం మంచిదని ఆయనే చెప్పాడు. ఆ ముద్ర వేయించుకుని హోటల్‌కు చేరేసరికి చీకటి పడింది.

విజయవాడలో తమ ఇంటి వీధి గుమ్మం పైన ఆ ఛేపును ఎక్కడ తగిలించాలో బాబాయి ఇప్పటికే కాగితం మీద గీశారు. తలుపు వెడల్పు కొలిచి పంపమని పిన్నికి ఫోను చేశారు. పాములేమిటి, ఇంటి గుమ్మానికి పాములేమిటి అని అటు నుంచి ఇంకా వినిపిస్తోంది.